నూకరత్నం నేసిన కీలుగుడ్డ

హస్త కార్తె, 1వ రోజు

పొద్దున్నే తొమ్మిదో కీలు కొలిచాను. బడి తెప్పకూ సంత తెప్పకూ నడుమ పరిచిన గుడ్డ అది. కెరటం లేచినప్పుడు సాగాలి, దిగినప్పుడు ముడుచుకోవాలి. సాగడం బాగానే సాగుతోంది గానీ ముడుచుకోవడం మానేసింది. నాలుగు వేళ్ల మేర వేలాడుతోంది. పిల్లలు దాని మీద నడిచే బడికి పోతారు. బడికి మంచినీళ్ల గొట్టం పోయేది కూడా దాని కిందుగానే.

మా ఊరు తేలంక అంటే నీటి మీద తేలే ముప్పై ఒక్క తెప్పలు. తీరం మునిగిన కొత్తల్లో వాటిని ఇనుప గొలుసులతో కలిపి కట్టారట. ఆ గొలుసులు తెప్పల అంచుల్ని కోసేశాయట. అప్పటి నుంచి ఊరిని కలిపి ఉంచేది గుడ్డే. నేసేది మేము. పద్నాలుగేళ్లుగా మగ్గాల తెప్పకు పెద్దను నేను, జొన్నాదుల చంద్రలీల.

ఊరిని నడిపే సరంగు అప్పలనరసు వచ్చి వంగి చూశాడు. స్వాతి కార్తె వస్తే తుఫాన్లు మొదలవుతాయి, ఈలోగా కొత్త గుడ్డ పడాలన్నాడు. పాత రకమే నేస్తే రెండేళ్లకు మళ్లీ ఇదే గతి కాబట్టి వేరే రకం ఆలోచించమన్నాడు. పోతూ పోతూ, “నీకన్నా ఎవరికి తెలుసులేమ్మా,” అన్నాడు. రోజంతా ఆ మాట చెవిలో తీయగా ఉంది.

హస్త, 4వ రోజు

నా గుడ్డ మగ్గానికి ఎక్కింది. మూడు పొరలు. పైది నడవడానికి, కిందిది ఉప్పునీటికి ఓర్చడానికి, నడుమది అచ్చంగా రబ్బరు పోగు. ఈసారి పోగు లావు రెట్టింపు చేశాను. లావు పెరిగితే వెనక్కి లాగే బలమూ పెరుగుతుంది.

నూకరత్నం తనూ ఒకటి నేసి చూస్తానని అడిగింది. నూకరత్నం నా తోడికోడలు. మా మరిది మార్కండు లంగర్ల పనికి వలల తెప్పకు పోయి, అక్కడి పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్లయి నాలుగేళ్లు. వచ్చిన కొత్తలో నాడె ఎటు నుంచి ఎటు విసరాలో కూడా తెలియదు, నేనే నేర్పాను. కాదనడం ఎందుకని మూలనున్న చిన్న మగ్గం ఇచ్చాను. మిగిలిపోయిన రబ్బరు పోగు, సాగని గట్టి నార ఇచ్చాను. ఆమె తన పుట్టింటి నుంచి లావుపాటి గాలపు దారం ఒక చుట్ట తెచ్చుకుంది. వంచి వదిలితే ఎగదన్ని నిటారుగా నిలబడే రకం. దానితో చేపలు పడతారు గానీ గుడ్డ నేస్తారా అన్నాను. నవ్వి ఊరుకుంది.

హస్త, 9వ రోజు

ఈ రోజు నూకరత్నం తన గుడ్డ కోసింది.

గుడ్డ మగ్గం మీద ఎంత సాపుగా ఉంటే కోశాక కూడా అంత సాపుగా ఉండాలని నాకు నేర్పారు. ఆమె కత్తెర పెట్టగానే మూరెడు గుడ్డ జానెడు అయింది. పైన, కింద మడతలు లేచాయి, పోటు తీసిన ఇసుక మీద గీతల్లా. మగ్గాల దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వులు అయ్యేదాకా ఆగి గుడ్డ ఒక కొస నా చేతికిచ్చింది.

“లాగక్కా.”

లాగాను. మడతలు విచ్చుకుంటూ వచ్చాయి. వదిలితే చప్పున ముడుచుకుంది. ఈసారి కాలు తన్నిపెట్టి లాగాను. మడతలు పూర్తిగా విచ్చుకున్నాక గుడ్డ టక్కున బిగిసింది. ఇంక ఎంత లాగినా వెంట్రుకవాసి కూడా రాలేదు. రెండు కొసలూ దగ్గరికి నొక్కితే చేతులను ఎదురు తోసింది.

ఆమె ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. నడిమి పొరలో రబ్బరు పోగును మగ్గం మీద బాగా లాగిపట్టి నేసింది. పై పొరా కింది పొరా నార, గాలపు దారం కలిపి మామూలు బిగువుతో నేసింది. కోయగానే రబ్బరు ముడుచుకుని ఆ పొరలను మడతలు పెట్టింది. తెప్పలు దూరం జరిగితే రబ్బరు వెనక్కి తెస్తుంది. దగ్గరికొస్తే వంగిన గాలపు దారం తోస్తుంది. మరీ లాగితే నార అడ్డుకుంటుంది, రబ్బరు ఓపిక మించి సాగాల్సిన అవసరమే రాదు.

పద్నాలుగేళ్లుగా నేను పోగు లావు పెంచుతూ వచ్చాను. ఈమె పోగు మార్చలేదు, పొరల మధ్య బిగువు మార్చింది. వల సాగేది దారం సాగి కాదు, వల కన్ను వంకర తిరిగి కదా, అందులోంచే తనకు తట్టిందని నూకరత్నం మామూలుగా చెప్పింది.

బాగుందని అన్నాను. ఇంకేదో పని ఉన్నట్టు బయటికి వచ్చేశాను.

హస్త, 11వ రోజు

రెండు గుడ్డలూ లాగుడు బల్లకు కట్టాను. కెరటాల చక్రం తిరుగుతుంటే బల్ల దానంతటదే లాగి వదులుతుంది. పదివేల సార్లు అయ్యాక కొలిచాను. నాది మూడు వేళ్లు వేలాడింది. నూకరత్నం గుడ్డ కోసినప్పుడు ఎంత పొడవుందో అంతే ఉంది. నమ్మలేక రెండోసారి కొలిచాను. అంతే.

ఇంట్లో మా ఆయన భావన్నకు రెండూ ఇచ్చాను. ఆరేళ్ల కిందట కళ్లు పోయాక ఆయన వేళ్లతోనే చూస్తారు. నేను నేసిన ప్రతి గుడ్డా ఇన్నేళ్లూ ఆయన చేతి కిందుగానే వెళ్లింది. ఇక్కడ పోగు వదులు, అక్కడ అంచు బిగువు అని చెప్పి ఇచ్చేస్తారు. నా కొత్త గుడ్డ తడిమి, బరువు ఎక్కువైంది లీలా అన్నారు. నూకరత్నం గుడ్డ తీసుకున్నారు. నొక్కారు, లాగారు, చెంపకు ఆనించుకున్నారు. నేను తీసి మడత పెడుతుంటే చెయ్యి చాచారు.

“ఇంకోసారి ఇటివ్వు.”

ఇరవై రెండేళ్ల కాపురంలో నా గుడ్డను ఆయన రెండోసారి అడగలేదు. అన్నం వడ్డించాను గానీ నాకు సయించలేదు.

చిత్త కార్తె, 2వ రోజు

సరంగు నూకరత్నం గుడ్డే ఖాయం చేశాడు. ఊరి ముందు ఆమెను మెచ్చుకున్నాడు. అంత వెడల్పు గుడ్డ నా పెద్ద మగ్గం మీద తప్ప కుదరదు కాబట్టి నేసేది నేనే. ఆమె పక్కన నిలబడి చెబుతుంటే నేను నాడె ఆడించాలి. “ఇక్కడ కాస్త బిగించక్కా” అంటుంది మర్యాదగా. ఆ మర్యాదే నాకు కారం పూసినట్టుంది. ఆమె గర్వపడితే బాగుండు, తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

సాయంత్రం ఒక సంగతి కనిపించింది. మూడు పొరలనూ కలిపి పట్టుకునేవి కట్టుపోగులు, మడతకూ మడతకూ మధ్య లోతులో వస్తాయి. ఆమె వాటిని కూడా గట్టి నారతోనే, ఒక్కోచోట ఒక్కటే ముడిగా వేయించింది. గాలపు దారం బాగా వంగేదీ సరిగ్గా అక్కడే. అది కదిలినప్పుడల్లా కట్టుపోగును రంపంలా రాస్తుంది.

మంచినీటిలో తడిపి లాగితే ఏమీ కాదు. మా బల్ల మీద వాడేది మంచినీరే.

చిత్త, 6వ రోజు

నూకరత్నం గుడ్డలో మిగిలిన ముక్క ఒకటి ఉప్పునీటిలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, ఎవరూ లేనప్పుడు బల్లకు కట్టాను. ఉప్పు పలుకులు పోగుల మధ్య దూరాయి. మూడు వేల వంద సార్ల దగ్గర మొదటి కట్టుపోగు తెగింది. నాలుగు వేలకు వరుస వరుసా తెగిపోయి పొరలు విడిపోయాయి.

మందు నాకు తెలుసు. మెత్తని నూలుకు మైనం పట్టించి, ఒక్కచోట కాకుండా పక్కపక్కన రెండు చోట్ల కట్టాలి. అప్పుడు గాలపు దారం ఒక్కచోటే వంగదు, రాపిడి చీలిపోతుంది. మా మామగారు తెరచాపల మీద నేర్పిన పని ఇది. ఆయన పోయాక తెలిసింది నేనొక్కదాన్నే.

మైనం పట్టించి ఒక ఉండ నూలు సిద్ధం చేశాను. చేసి నా సంచిలో పెట్టుకున్నాను.

ఎందుకు ఇవ్వలేదో రాస్తాను, ఈ పుస్తకంలో అబద్ధం రాయనని ఒట్టు ఉంది. కొత్త గుడ్డ పడ్డాక ఏ నెలకో రెండు నెలలకో కాస్త పొర లేస్తుంది. అందరూ కంగారు పడతారు. నూకరత్నానికి ఏం చెయ్యాలో తెలియదు. అప్పుడు నా దగ్గరికి వస్తారు. నేను సంచి తెరుస్తాను. కళ్లు మూసుకుంటే ఆ దృశ్యం నాకు కనిపిస్తోంది. పెద్ద ప్రమాదమేమీ కాదు, చిన్నగా చెడుతుంది, అంతే అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

చిత్త, 10వ రోజు

గుడ్డ పడింది. బడి పిల్లలు దాని మీద గంతులు వేశారు. ఊళ్లో అప్పుడే దానికి పేరు పెట్టేశారు, రత్నం కీలు అంటున్నారు. మిగతా ముప్పై కీళ్లు నేను నేసినవే, వాటికి అంకెలే గానీ పేర్లు లేవు.

చిత్త, 13వ రోజు

మధ్యాహ్నం నూకరత్నం మగ్గం దగ్గరికి వచ్చి కూర్చుంది. బడి తెప్ప మీద ఇన్ని ప్రాణాలుంటాయి, తనకు భయంగా ఉందని చెప్పింది. తనకు నేతలో నాలుగేళ్ల అనుభవమే కదా అంది.

“నీ చేతి మీదుగా పోయిన గుడ్డ. ఏమన్నా తేడా ఉందా అక్కా?”

నా కళ్లలోకి చూసే అడిగింది. నా సంచి ఇద్దరి మధ్యలోనే ఉంది.

“ఏం లేదు,” అన్నాను.

ఆమె ముఖం తేలికపడింది. నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది.

స్వాతి కార్తె, 5వ రోజు

నిన్నటి సంగతి ఈ రోజు రాస్తున్నాను. నిన్న రాసే స్థితి లేదు.

తెల్లవారేసరికి గాలి తిరిగింది. చిన్న తెప్పల మీది ముసలివాళ్లను, పిల్లలను బడి తెప్పకు చేర్చారు, అదే బరువైనదని. అరవై మందికి పైన ఉన్నారు. పదకొండు గంటలకు కెరటాలు ఇంటి ఎత్తు లేచాయి. సంత తెప్ప మీద నేను లంగరు తాళ్లు చూస్తుంటే మార్కండు పరుగున వచ్చాడు. రత్నం కీలు పై పొర చర్మంలా లేచిపోతోందని చెప్పాడు.

నెల పట్టలేదు. వారం రోజులకే తెగింది. మంచి రోజుల్లో నెలపాటు వచ్చే కెరటాలు తుఫాను ఒక్క పూటలో తెస్తుందని నాకు తెలియనిది కాదు. లెక్క వేయడం ఇష్టం లేక వేయలేదు.

సంచి తీసుకుని పరుగెత్తాను. నడుముకు తాడు కట్టుకుని గుడ్డ మీద బోర్లా పడుకుని పాకాను. అవతలి వైపు నుంచి నూకరత్నం పాకుతూ వస్తోంది. పొరలు విడిపోయి గాలపు దారాలు మీసాల్లా బయటికి పొడుచుకొచ్చాయి. రబ్బరు ఒక్కటే రెండు తెప్పలనూ లాగి పట్టుకుని ఉంది. అదీ తెగితే బడి తెప్ప సముద్రంలోకి పోతుంది.

నేను దబ్బనం తీసి కుట్టడం మొదలుపెట్టాను. ఆమె లేచిన పొరను తన ఒంటి బరువుతో అదిమిపట్టింది. మడత లోతులో రెండేసి చోట్ల మైనపు నూలు వేసి బిగించాను. ఒక వరుస అయింది. రెండో వరుస అయింది. ఆమె నా చేతుల వంక చూస్తూనే ఉంది. ఎక్కడ కుట్టాలో నేను వెతుక్కోవడం లేదు. దారం ఎక్కడుందని ఎవరినీ అడగలేదు.

“దారం ముందే చుట్టి పెట్టుకున్నావు,” అంది. గాలిలో కూడా ఆ మాట స్పష్టంగా వినిపించింది.

నేను మూడో వరుస మొదలుపెట్టాను. నాలుగో వరుస దగ్గర పెద్ద కెరటం ఒకటి బడి తెప్పను మా మీదికి తోసింది. గుడ్డ ఎదురు తోసింది గానీ అప్పటికే సగం పొరలు లేవు. తెప్ప ఇనుప అంచు వచ్చి ఆమె ఎడమ చేతి మీద పడింది. ఆమె అరవలేదు, పొర మీద నుంచి పక్కకు జరగలేదు. తెప్ప వెనక్కి పోయాక కూడా కుడి చేత్తో పొరను అదిమిపట్టే ఉంది.

“కుట్టు,” అంది.

మిగతా వరుసలు కుట్టాను. గుడ్డ నిలిచింది. బడి తెప్ప మీద ఒక్కరికీ ఏమీ కాలేదు. మూడు గంటలకు గాలి తగ్గింది. వైద్యుడు ఆమె ఎడమ చేతి మూడు వేళ్లు తీసేశాడు.

స్వాతి, 7వ రోజు

ఊరంతా నన్ను పొగుడుతోంది. సమయానికి వచ్చి కుట్టాననీ, పెద్ద చెయ్యి పెద్ద చెయ్యేననీ. నేను కలగన్న దృశ్యం అచ్చం అలాగే జరిగింది. ఆ మాటలు పూర్తిగా వినకుండానే లేచి వచ్చేశాను.

వైద్యుడి తెప్పకు వెళ్లాను. నూకరత్నం చేతి కట్టు గుండె మీద పెట్టుకుని పడుకుని ఉంది. మార్కండు మంచం పక్కన కూర్చున్నాడు. నేను నోరు తెరవకముందే ఆమె అడిగింది.

“ఎప్పటి నుంచి తెలుసు?”

“నేసేటప్పుడే కనిపించింది. చిత్త ఆరో రోజున రుజువైంది.”

“నేనొచ్చి అడిగింది ఆ తర్వాతే గదక్కా?”

అవునన్నాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. మార్కండు లేచి నాకు తలుపు చూపించాడు. వదినా అని పిలవలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. నాతోనైనా ఒక్క మాట చెప్పి ఉండాల్సింది లీలా అన్నారు. ఆమె గుడ్డ మీరు రెండోసారి అడిగి తీసుకున్నారు అన్నాను.

స్వాతి, 9వ రోజు

సరంగు ముందు, ఊరి ముందు చెప్పాను. ఈ పుస్తకం తెచ్చి చిత్త ఆరో రోజు, పదమూడో రోజు రాసినవి నేనే చదివాను. సరంగు నేల చూశాడు. అరవై మంది, అని మాత్రం అన్నాడు. మగ్గాల పెద్దరికం తీసి నూకరత్నానికి ఇచ్చారు. నన్ను మగ్గాల తెప్ప తొక్కనివ్వకూడదని కొందరన్నారు. అది న్యాయమే అనిపించింది. సరంగు మాత్రం ఆ సంగతి నూకరత్నం తేల్చాలన్నాడు.

విశాఖ కార్తె, 1వ రోజు

నూకరత్నం మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఎడమ చేతికి బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. ఇక నాడె పట్టలేదు. ముప్పై కీళ్లు ఉన్నాయి, అన్నీ కొత్త రకంలోకి మార్చాలి, తనకు నేతగత్తె కావాలి అంది. కట్టుపోగుల పని ఊళ్లో ఇంకెవరికీ రాదని కూడా అంది.

“నిన్ను క్షమించానని అనుకోమాక. నాకు నీ చేతులు కావాల.”

“వస్తాను,” అన్నాను.

“నాకు తెలిసింది నేను చెబుతా. నీకు తెలిసింది నువ్వు చెప్పు. అదే రోజు చెప్పు.”

సరేనన్నాను. ఆమె మెట్లు దిగేదాకా మా ఆయన లోపలే ఉన్నారు. దిగాక, తొందరగా పడుకో, రేపు పొద్దున్నే పని ఉంది అన్నారు.

అనూరాధ కార్తె, 8వ రోజు

ఐదో కీలు పూర్తయింది, ఆరోది మగ్గం మీద ఉంది. రోజూ ఆమె చెబుతుంది, నేను నేస్తాను. నిన్న అంచు మడతలు చిన్నవి చేయాలంది. అలా చేస్తే మూలలో కట్టు బిగిసిపోతుందని అన్నాను. కాసేపు వాదించుకున్నాం. చివరికి మూలల్లో మడతలే వద్దని ఆమె తేల్చింది. అది నాకు తట్టి ఉండాల్సింది. తట్టనందుకు లోపల చురుక్కుమంది. ఆ మంట పోలేదు. రోజూ పొద్దున్నే నాతో పాటు లేస్తుంది, నాతో పాటు మగ్గం దగ్గర కూర్చుంటుంది. అది ఉన్నట్టు ఒప్పుకుని నాడె ఆడిస్తున్నాను.

మధ్యాహ్నం దక్షిణం వైపు నుంచి ఒక పడవ వచ్చింది. అక్కడ కూడా మాలాగే తేలే ఊరు ఒకటి ఉందట, తుఫానులో తొమ్మిది తెప్పలు పోగొట్టుకున్నారట. తేలంకలో తెగని గుడ్డ ఉందని విని వచ్చారు. ఒక నడివయసు ఆవిడ మగ్గాల తెప్ప ఎక్కింది. ఎండకు కమిలిన ముఖం, రెండు రోజుల ప్రయాణపు అలసట. సగం నేసిన గుడ్డ ముందు నిలబడి చేత్తో నిమిరింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తరువాత నా చేతుల వంక చూసింది, నా చేతిలోని నాడె వంక చూసింది.

“ఈ గుడ్డ మీదేనా అమ్మా?” అని అడిగింది.

గుడ్డ నా మగ్గం మీద ఉంది. నా ఒళ్లో ఉంది. తల ఊపితే చాలు. ఆవిడ నా కాళ్లకు దండం పెట్టేలా ఉంది.

నాడె పక్కన పెట్టాను. నాకు వినిపించలేదేమో అనుకుని ఆవిడ మళ్లీ అడిగింది.

“కాదమ్మా. నూకరత్నం అని, మా పెద్ద. లోపల ఉంది, పిలుస్తాను. నేను ఆమె దగ్గర నేస్తాను,” అన్నాను.

లేచి లోపలికి వెళ్లి పిలిచాను.